శనివారం మందుచీటీ

ఇంగ్లండు వచ్చి తొమ్మిదేళ్లయినా చాముండేశ్వరి చేతికి సొంత ఇంటి తాళంచెవి రాలేదు. భర్త డాక్టర్ పద్మనాభం ప్రభుత్వ ఆస్పత్రుల్లో చిన్న డాక్టరు. ఏడాదికో ఊరు, ఆ ఊళ్లో ఆస్పత్రి వెనక ఓ క్వార్టరు. ఒక ఇంటి కిటికీకి కొలత తీసి కుట్టిన తెరలు ఇంకో ఇంటి కిటికీకి జానెడు పొట్టి అయ్యేవి. వాటికి అంచు అతికి పొడుగు చేసేలోపే మళ్లీ పెట్టెలు సర్దమని ఉత్తరం వచ్చేది. చివరికి ఆవిడ తెరలు కుట్టడం మానేసి, పాత వెంకటగిరి చీరకి గుండుసూదులు గుచ్చి కిటికీకి బిగించేసింది. "దొరల దేశంలో దొరసానిలా ఉంటావే" అని భీమవరం స్టేషన్లో మేనత్త దీవించి పంపింది. కిటికీకి వేలాడే ఆ చీర చూసినప్పుడల్లా చాముండేశ్వరికి మేనత్త మాట గుర్తొచ్చి నవ్వొచ్చేది.

పద్మనాభం విశాఖపట్నంలో మెడల్ కొట్టినవాడు. గుండెజబ్బుల డాక్టరు అవుదామని ఓడెక్కాడు. ఇక్కడ ఆయనకి దొరికింది ముసలివాళ్ల వార్డు. వెనక చేరిన తెల్లకుర్రాళ్లు ఒక్కొక్క మెట్టే ఎక్కి పైకి పోతుంటే, ఈయన అదే వార్డులో అవే మంచాల మధ్య తిరిగేవాడు. పద్మనాభం అనడానికి నోరు తిరగక అందరూ డాక్టర్ పాడీ అనేవారు. పాడీ అనేది ఐర్లండువాళ్లని వెక్కిరించే పేరని తెలియడానికి ఆయనకి మూడేళ్లు పట్టింది. తెలిశాక కూడా పిలిస్తే పలుకుతూనే ఉన్నాడు. పలక్కపోతే ఏం చేస్తాడు పాపం!

"నీ ఇంగ్లీషు బాగుపడుతుందే" అని ఆయన ఒకరోజు అద్దెకి టీవీ తెచ్చాడు. శనివారం మధ్యాహ్నం ఆ టీవీలో గుర్రాలు పరిగెత్తేవి. టై కట్టుకున్న పెద్దమనుషులు, అచ్చం పెళ్లిళ్ల పేరయ్యల్లా, ఏ గుర్రం ఏ వంశానిది, దాని తల్లి ఎంతటిది, దాని కాలు ఎంతటిది అని ఊదరగొట్టేవారు. వరసగా ఏడు పందేలు చూపించి, ఏడూ కలిపి కట్టినవాడికి అదృష్టం పండుతుందని ఊరించేవారు. చాముండేశ్వరి నిజంగానే ఆ మాటలతోనే ఇంగ్లీషు నేర్చుకుంది. కూతురు పద్మినిని బడికి దింపిన మొదటి రోజు, పక్కన నిలబడ్డ ఒకావిడతో స్నేహంగా, "ఇవాళ నేల మెత్తగా ఉంది, వెనకనించి వచ్చేవాటికి మంచిది" అని ఇంగ్లీషులో అంది. ఆవిడ తన పిల్లని దగ్గరికి లాక్కుని రెండడుగులు దూరం జరిగింది.

విని నేర్చుకోవడం ఆవిడ వంతు అయితే, విని పందెం కట్టడం ఆయన వంతు అయింది. అప్పుడు వాళ్లుంటున్న ఇల్ఫర్డ్‌లో ఆస్పత్రి గేటు దాటి మలుపు తిరిగితే పందేల దుకాణం. చాముండేశ్వరి ఈ దేశం వచ్చిన ఏడాదే సర్కారు ఆ దుకాణాలకి లైసెన్సులిచ్చింది. భీమవరం వైపు కోడిపందెంగాడు సరుగుడు తోటల్లో నక్కి ఆడతాడు, పోలీసు ఈల వినబడితే పంచె ఎగ్గట్టి పరిగెడతాడు. ఆ పరుగులోనైనా కాస్త సిగ్గుంది. ఇక్కడ సిగ్గుకి అద్దాల ఫ్రేము కట్టించి గోడకి తగిలించారు. పైగా చట్టం రాసిన పెద్దలు మహా మేధావులు. దుకాణంలో కుర్చీ ఉండకూడదు, టీ ఉండకూడదు, లోపల ఏం జరుగుతోందో బయటికి కనబడకూడదు, అలా ఉంటే జనం ఎక్కువసేపు ఉండరు అని లెక్క వేశారు. కుర్చీ లేకపోతే ఏం? జనం నిలబడే ఓడిపోయారు.

"ఏవండీ, మనకెందుకీ గుర్రాల గోల?" అని ఆవిడ మొదట్లో మెత్తగానే అడిగింది.

"గుర్రం నువ్వెక్కడ చదివావని అడగదే" అన్నాడు పద్మనాభం. "ఏ రంగువాడివని అడగదు. ఇంటర్వ్యూలో కూచోబెట్టి, మేమే ఉత్తరం రాస్తామని పంపెయ్యదు."

తొమ్మిదేళ్లలో ఎన్ని ఇంటర్వ్యూలు, ఎన్ని ఉత్తరాలు! అవన్నీ ఆవిడే విప్పి చదివి ఆయనకి అందించింది.

అలాంటి సమయంలో, డెబ్బయ్యో సంవత్సరం వసంతంలో, లండన్ శివారు హారో నించి ఒక కబురొచ్చింది. అక్కడ డాక్టర్ విన్‌స్లో అని ఒక పెద్దాయన, సర్జరీ అని పిలిచే సొంత క్లినిక్కు పెట్టుకుని ముప్ఫయ్యేళ్లుగా జీపీగా, అంటే పేట డాక్టరుగా చేస్తున్నాడు. వయసు మీదపడి భాగస్తుణ్ణి వెతుక్కుంటున్నాడు. పద్మనాభాన్ని చూశాడు, మాట్లాడాడు, నచ్చాడు. జూన్లో, అనుమతిచ్చే సర్కారు కమిటీ ముందు కాగితాలు పెడదామన్నాడు. సర్జరీ పైన నాలుగు గదుల ఇల్లు. ఎవరు బదిలీ చేసినా కదలక్కర్లేని ఇల్లు. పద్మిని ఒక్క బళ్లోనే చదువుకోవచ్చు. చాముండేశ్వరి ఆ ఇల్లు చూడలేదు గాని, దాని కిటికీల కొలతలు మాత్రం విన్‌స్లో గారిని అడిగి తెప్పించమని మొగుణ్ణి పోరుపెట్టింది.

ఆ నెలలోనే ఆయన కట్టిన ఏడు గుర్రాలూ గెలిచాయి.

పదకొండు వందల పౌండ్లు. ఆయన ఏడాది జీతంలో సగానికి పైమాటే. ఇన్నాళ్లూ తిన్నదంతా గుర్రాలు ఒక్కసారి కక్కాయనుకుంది చాముండేశ్వరి. సంతోషించింది కూడా. ఎందుకు సంతోషించదు? మనిషే కదా.

దుకాణం మేనేజరు వెంటనే ఊరి వారపత్రికకి ఫోను కొట్టాడు. దుకాణం వాడు మా దగ్గరికి రండని ప్రకటన వేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. పత్రికవాడు వార్త అని రాసుకోవడానికి ఏ చట్టమూ అడ్డం రాదు. మరునాడే పైక్ అనే విలేకరి, వెంట కెమెరావాడు, క్వార్టరు మెట్లెక్కి వచ్చారు.

ఇక్కడే చాముండేశ్వరి ఒక పని చేసింది. భీమవరంలో డాక్టరు స్టూడియోకి వెళ్లి ఫొటో దిగితే మెడలో స్టెతస్కోపు లేకుండా దిగడు. లాయరైతే నల్లకోటు, చేతికింద లావుపాటి పుస్తకం. అవి లేకపోతే డాక్టరుకీ గుమాస్తాకీ తేడా ఎలా తెలుస్తుంది? వచ్చినవాళ్లు ఫొటో తీస్తామనేసరికి ఆవిడ గబగబా లోపలికి వెళ్లి, తెల్లకోటు దులిపి తొడిగి, స్టెతస్కోపు తెచ్చి మొగుడి మెడలో స్వయంగా వేసింది. వంకర సర్దింది కూడా.

"వద్దులేవే, ఇది ఆస్పత్రి పని కాదుగా" అని పద్మనాభం నసిగాడు.

"ఊరుకోండి. పేపర్లో పడే ఫొటో. మీరెవరో తెలియొద్దూ?"

పైక్ కళ్లు వెలిగాయి. "అద్భుతం మిసెస్ పాడీ! అలాగే ఉండనివ్వండి" అన్నాడు.

శుక్రవారం పేపర్లో సగం పేజీ ఫొటో. పైన 'అదృష్టాల డాక్టరు' అని అరచెయ్యంత అక్షరాలు. పై వారానికి పైక్ మళ్లీ వచ్చి బేరం పెట్టాడు. ప్రతి శుక్రవారం డాక్టరుగారు శనివారానికి ఏడు గుర్రాలు చెప్పాలి, పేపరు దాన్ని మందుచీటీలా అచ్చు వేస్తుంది, వారానికి మూడు గినీలు, అంటే మూడు పౌండ్ల పైచిలుకు. 'డాక్టర్ పాడీ మందుచీటీ' అని పేరు. మెడలో స్టెతస్కోపుతో అదే ఫొటో. కింద 'భోజనానంతరం వేసుకోవలెను' అని ఒక చమత్కారం. దాని పక్కనే, ఫోను మీద పందెం కట్టించుకునే కంపెనీ ప్రకటన, నాలుగంగుళాలది. రోగి, వైద్యుడు, మందుల షాపు అన్నీ ఒకే పేజీలో.

ఇంగ్లండు నలుమూలలా ఉన్న ఆంధ్రా డాక్టర్లకి ఈ సంగతి రెండు వారాల్లో పాకింది. హారోలో ఉండే డాక్టర్ మూర్తి అయితే శుక్రవారం సాయంత్రం ఠంచనుగా ఫోను చేసేవాడు.

"వదినగారూ, అన్నయ్యని ఒకసారి పిలవండి. పేషెంటు విషయం."

"ఏ పేషెంటండీ మరిదిగారూ? నాలుగు కాళ్లదేనా?"

"భలేవారే మీరు!" అని ఆయన నవ్వేవాడు. నవ్వాక పిలవమనేవాడు.

ఆ చీటీలో మందు పనిచెయ్యడం లేదని ఎవరికైనా రెండో వారానికే తెలియాలి. ఏడింటిలో ఒకటి గెలిస్తే ఎక్కువ. నైట్ డ్యూటీలు పడ్డ వారాల్లో పద్మనాభానికి గుర్రాలు ఎంచే తీరిక ఉండేది కాదు. అప్పుడు పైకే ఇంకో పేపర్లోంచి ఏడు పేర్లు ఎత్తి వేసేవాడు. పేరు డాక్టరుది, ఫొటో డాక్టరుది, గుర్రాలు ఎవరివో. ఓడినప్పుడు పేపరు ఆ ఊసే ఎత్తేది కాదు. ఒక్క గుర్రం గెలిస్తే మాత్రం 'డాక్టరుగారి మందు పనిచేసింది' అని పెట్టె కట్టి వేసేది.

మే నెలాఖరున ఒక సోమవారం పొద్దున్నే మిసెస్ గ్రోవ్స్ తలుపు తట్టింది. ఆవిడ ముసలివాళ్ల వార్డులో నేలలు తుడిచే మనిషి, అందరినీ ప్రేమగా 'లవ్' అని పిలిచే మనిషి. ఇల్ఫర్డ్ వచ్చిన కొత్తలో గ్యాసు మీటరులో షిల్లింగు ఎలా వెయ్యాలో, పారఫిన్ పొయ్యి మంట ఎలా తగ్గించాలో చాముండేశ్వరికి నేర్పింది ఆవిడే. మొగుడు లెన్ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊపిరితిత్తులు చెడి పద్మనాభం దగ్గరే మందు వాడుతున్నాడు.

మిసెస్ గ్రోవ్స్ కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిసంచీలోంచి పేపరు ముక్కలు తీసి బల్లమీద పరిచింది. అన్నీ శనివారం చీటీలే. కత్తెరతో నీటుగా కత్తిరించినవి.

"మందుసీసాల పక్కన గోడకి అంటిస్తున్నాడు, లవ్. వారానికి ఒకటి. మొదట్లో రెండు షిల్లింగులు. ఇప్పుడు పెన్షనంతా. క్లాక్టన్‌లో సముద్రం ఒడ్డున వారం రోజులు ఉందామని ఏడాదిగా డబ్బాలో వేసుకున్నది కూడా తీసేశాడు."

"మీరు చెప్పలేదా?"

"చెప్పకేం? 'డాక్టరు రాశాడు, నువ్వెవరు చెప్పడానికి?' అంటాడు. ముప్ఫయ్యెనిమిదేళ్ల కాపురంలో ఆ మనిషి పందెం కట్టడం నేను చూళ్లేదు. మీ ఆయన మంచివాడు. ఒక్కసారి వచ్చి ఆపమని చెబితే ఆపుతాడు. అంతే, లవ్. ఇంకేం వద్దు."

చాముండేశ్వరి ఆ ముక్కల మీదున్న మొగుడి ఫొటోలు చూసింది. మెడలో స్టెతస్కోపు. కొంచెం కూడా వంకర లేకుండా, చక్కగా.

సాయంత్రం పద్మనాభం బూట్లు విప్పకముందే అందుకుంది. ఆయన అంతా విని, "నేను కట్టమన్నానా?" అన్నాడు. "పేపర్లో రాస్తాను. కట్టడం, మానడం వాళ్లిష్టం."

"మందుచీటీ రాసేవాడూ అంతే కదండీ. రోగి నోరు తెరిచి పోస్తాడా?"

"అది వేరు."

"ఏం వేరు? మెడలో వేలాడేది ఒకటేగా!"

"వేసింది నువ్వే" అన్నాడాయన.

"అవును, నేనే. నా బుద్ధి గడ్డి తింది. మీ బుద్ధి ఏం తింటోంది, గుర్రాల దాణానా?"

"ఈ దేశం వచ్చాక నా పేరు ఒక్కసారి పేపర్లో పడింది చాముండీ. అది కూడా చూడలేకపోతున్నావా?"

"మీ పేరెక్కడ పడిందండీ? పాడీ పేరు పడింది."

పద్మనాభం టీవీ పెట్టుకున్నాడు. అందులో అప్పుడు వాతావరణం చెబుతున్నారు. అదే కళ్లప్పగించి చూశాడు.

బుధవారం పైక్ జాబితా కోసం వచ్చాడు. చాముండేశ్వరి టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, గ్రోవ్స్ దంపతుల కథ మొదటినించి చివరిదాకా చెప్పింది. పేరు లేకుండా ఆ కథ కూడా రాయమంది. గెలిచినవాడి ఫొటో సగం పేజీ వేశారు కదా, ఓడినవాడికి పావు పేజీ ఇవ్వండి చాలు అంది.

పైక్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఓడిన కథ ఎవరు చదువుతారు మిసెస్ పాడీ? వీధికి పాతికమంది ఉంటారు. అది వార్త కాదు."

"వీధికి పాతికమంది ఉంటే, మరి వార్త అంటే ఏంటండీ?"

"వార్త అంటే ఎప్పుడో ఒకసారి జరిగేది."

"ఆ ఎప్పుడో ఒకసారి జరిగేదే వారం వారం వేస్తున్నారే!"

పైక్ నవ్వి, బిస్కెట్టు టీలో ముంచుకున్నాడు. అది మెత్తబడి కప్పులో పడిపోయింది. చెంచా ఇమ్మన్నాడు. ఆవిడ ఇవ్వలేదు.

జూన్ మొదటి ఆదివారం డాక్టర్ విన్‌స్లో భోజనానికి వచ్చాడు. మరుసటి వారమే కమిటీ. చాముండేశ్వరి కారం తగ్గించి పులిహోర, కోడికూర, పరమాన్నం చేసింది. పద్మినికి కొత్త గౌను వేసి, తెలుగులో "అంకుల్‌కి నమస్తే చెప్పు" అంటే, అది "హలో, డు యూ హావ్ ఎ డాగ్?" అని అడిగింది. హారో ఇంట్లో కుక్క కూడా ఉందని తేలింది. పిల్ల ఎగిరి గంతేసింది. పెద్దాయన కిటికీల కొలతలు మడిచిన కాగితం మీద రాసి తెచ్చాడు. చాముండేశ్వరి రెండు చేతులతో అందుకుంది.

పరమాన్నం అయ్యాక పిల్లని ఆడుకోమని పంపి, ఆయన కోటు జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. ఇల్ఫర్డ్ నించి ఎవరో పేరు చెప్పకుండా పోస్టులో పంపారట. డాక్టర్ పాడీ మందుచీటీ.

పద్మనాభం కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు.

"నాకు పందేల మీద ఏ కోపమూ లేదు" అన్నాడు విన్‌స్లో, నిదానంగా, దయగా. "నాకూ ఒక బుక్కీ దగ్గర ఖాతా ఉంది, నలభై ఏళ్లనించీ. మా నాన్నకీ ఉండేది. పెద్దమనుషులు ఆడతారు, పేపరుకెక్కరు. డాక్టరు స్టెతస్కోపుతో పేపర్లో పడితే మెడికల్ కౌన్సిల్ దాన్ని డాక్టరు చెయ్యకూడని ప్రచారం అంటుంది. కమిటీవాళ్లు ఊరుకోరు."

"సారీ, సర్" అన్నాడు పద్మనాభం.

"కంగారు పడకు. మార్గం ఉంది. ఆ ఫొటో నీకు తెలియకుండా వాడారని, ఆ చీటీ నువ్వు రాసింది కాదని ఒక ఉత్తరం రాయి. పత్రికలవాళ్లు ఎలాంటివాళ్లో అందరికీ తెలుసు. కమిటీ నమ్ముతుంది. తరవాత నీకు ఆడాలనుంటే నా బుక్కీకి పరిచయం చేస్తాను. మర్యాదస్తుడు."

పద్మనాభం తల నెమ్మదిగా ఊగడం చాముండేశ్వరి చూసింది. ఔననడానికి ఒక్క మాట చాలు. ఆ మాటతో నాలుగు గదులు, కుక్క, తన కొలతకి తెరలు. ఆ మాటతోనే సర్జరీలో అసలు మందుచీటీల పుస్తకం ఆయనదవుతుంది. ఇక్కడ కనీసం వార్డు సిస్టరు కళ్లున్నాయి. అక్కడ ఉండేది ఈ పెద్దమనిషి, ఆయన మర్యాదస్తుడైన బుక్కీ. ఎదురుగా కుర్చీలో రోజూ ఒక లెన్. అడిగితే రాసింది నేను కాదు అనడం ఈ బల్ల దగ్గరే నేర్చుకుంటాడు.

"సర్" అంది చాముండేశ్వరి ఇంగ్లీషులో. "ఆ స్టెతస్కోపు ఆయన మెడలో వేసింది నేను. ఫొటోకి నిలబెట్టింది నేను. చీటీ రాసింది ఆయన. మాకు అంతా తెలుసు."

విన్‌స్లో ఆవిడ వైపు చాలాసేపు చూశాడు. అందులో కోపం లేదు. భోజనం బల్ల మీద ఎవరో గిన్నె ఒలకబోసినప్పుడు పెద్దమనుషులు చూసీ చూడనట్టు చూస్తారే, అలా చూశాడు. చెంచా నీటుగా పళ్లెంలో పెట్టి, భోజనం చాలా బావుందని చెప్పి, టోపీ అడిగాడు.

కారు చప్పుడు పోయాక పద్మనాభం అన్నది ఒక్కటే మాట. "నీ చేత్తో నువ్వే తీసేశావే."

"ఆ చేత్తోనే వేశానుగా" అందావిడ. అని వంటింట్లోకి వెళ్లి, కుళాయి బాగా తిప్పి గిన్నెలు కడిగింది. ఆ నీళ్ల హోరులో ఇంకే చప్పుడూ బయటికి రాదని ఆవిడకి తెలుసు.

నాలుగోరోజు హారో ఉత్తరం వచ్చింది. వేరే ఆయన్ని తీసుకుంటున్నామని, శుభాకాంక్షలని. పద్మనాభం దాన్ని ఈసారి తనే విప్పి చదువుకున్నాడు. ఆ సాయంత్రం పైక్‌కి ఫోను చేసి, ఇక రాయనన్నాడు. పైక్ ఏమాత్రం బాధపడలేదు. ఎలాగూ మారుద్దామనే అనుకుంటున్నాం అన్నాడు. పై శుక్రవారం నించి ఆ చోట ఒక పబ్బులో పెంచే చిలక ఫొటో వచ్చింది. పేర్లు రాసిన చీటీలు ముందు పెడితే ముక్కుతో ఏడు లాగుతుందట. మన బజార్లలో చిలక జోస్యం చూసి తెల్లవాళ్లు నవ్వుతారు. ఆ వారం చిలక రెండు గుర్రాలని గెలిపించింది. డాక్టరు కంటే నయమని పేపరు రాసింది.

మళ్లీ ఎవరూ చెప్పకుండానే ఆ తరవాతి శనివారం పొద్దున పద్మనాభం గ్రోవ్స్ ఇంటికి వెళ్లాడు. చాముండేశ్వరి వెంట వెళ్లి గుమ్మంలో నిలబడింది. లెన్ మంచం మీద దిళ్లు ఆనుకుని, ఊపిరి అందక ఎగరోజుతూనే ఆయన్ని చూసి సంతోషించాడు.

"లెన్, ఆ చీటీలన్నీ తప్పు. నాకు గుర్రాల సంగతి ఏమీ తెలియదు. ఇక ఆడొద్దు. డాక్టరుగా చెబుతున్నాను."

లెన్ జాలిగా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మీ అదృష్టం కాస్త పక్కకి తిరిగినట్టుంది డాక్టర్. దిగులు పడకండి. నాకు చిలక ఉంది."

గోడమీద మందుసీసాల పక్కన కొత్త ముక్క అంటించి ఉంది. మిసెస్ గ్రోవ్స్ కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆ మధ్యాహ్నం పద్మనాభం టీవీ పెట్టలేదు. అద్దె టీవీని వెనక్కి తీసుకుపొమ్మని సోమవారం తనే చెప్పాడు.

సెప్టెంబరులో స్టీవెనేజ్ బదిలీ అయింది. అక్కడా ముసలివాళ్ల వార్డే, అక్కడా క్వార్టరే.

మరుసటి ఏడు మూర్తిగారి భార్య సరోజ సీమంతానికి చాముండేశ్వరి హారో వెళ్లింది. పసుపు కుంకుమ తీసుకుని బయల్దేరి, తిన్నగా స్టేషనుకి వెళ్లకుండా, అడుగుతూ అడుగుతూ ఆ వీధికి వెళ్లింది. ఇత్తడి పలక మీద కొత్త డాక్టరు పేరుంది. మేడమీద వెడల్పాటి కిటికీలు, తెల్లటి తెరలు. ఎవరో ఒకావిడ కూరల సంచీ చంకన పెట్టుకుని వచ్చి, సంచీ కింద పెట్టకుండానే తాళంచెవి తీసి, అలవాటుగా తలుపు తెరుచుకుని లోపలికి వెళ్లిపోయింది. లోపల కుక్క మొరిగింది. చాముండేశ్వరి ఎదుటి పేవ్‌మెంటు మీద మూడు బస్సులు పోయేదాకా నిలబడింది.

ఇంటికి వచ్చాక పద్మనాభం పేపరు మడిచి, తలెత్తకుండా అడిగాడు. "అటువైపు వెళ్లావా?"

"వెళ్లాను."

"ఎలా ఉంది ఇల్లు?"

"అబ్బే, ఇరుకండీ" అంది చాముండేశ్వరి, గాజులు తీసి బల్లమీద పెడుతూ. "మనకి చాలదు."